బొగ్గు, బయోమాస్ ఇంధనాల మీద పీహెచ్‌డీలో ఇప్పుడు చేరొచ్చా?

కొరిటెపాడు, గుంటూరు నుంచి:

అందరికీ నమస్కారం. నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వచ్చింది. ఇంధనాల మీద పనిచేసే ఒక పరిశోధనశాలలో పీహెచ్‌డీ సీటు ఇస్తామంటున్నారు. ఊరు రాష్ట్రం బయట. థర్మల్ స్టేషన్లలో బొగ్గుతోపాటు పంటచేల నుంచి వచ్చే కట్టె, గడ్డి కలిపి కాల్చినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడడం నా అంశం. మన పత్తికట్టె, మిరపకట్టె, వరిగడ్డి కూడా అందులో ఉంటాయని గైడ్ ఫోన్లో చెప్పారు. ఆ మాటతో నాకు ఆశ పుట్టింది. మా తాతగారిది సత్తెనపల్లి వైపు. పత్తి ఏరడం అయిపోయాక కట్టె పీకి చేలోనే తగలబెట్టడం చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. మా మావయ్య హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో ఉన్నాడు. "బొగ్గు పోయే సరుకు, ఊరూరా సోలార్ వచ్చేసింది, అయిదేళ్ళు దానిమీద పెట్టి బయటికొచ్చాక ఎవరు పిలుస్తారు?" అంటాడు. అమ్మకి అంత దూరం ఒంటరిగా పంపాలంటే బెంగ. నాన్న మిర్చి యార్డులో గుమస్తా. "నీకు తెలిసినంత నాకు తెలీదమ్మా, నువ్వే తేల్చుకో" అంటున్నాడు. ఆ మాటే నాకు అందరి మాటలకన్నా బరువుగా ఉంది.

నేను ఇప్పటిదాకా చేసింది ఆర్గానిక్ సింథసిస్. ఇంధనాల ల్యాబులో రోజూ చేసే పని ఎలా ఉంటుందో తెలీదు. ఇంకో సంగతి కూడా మనసులో ఉంది. వాతావరణం ఇలా వేడెక్కుతుంటే బొగ్గు మీద పనిచెయ్యడం సరైనదేనా? ఈ రంగంలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ఇబ్రహీంపట్నం నుంచి:

చెల్లెమ్మా, నేను థర్మల్ స్టేషన్లో బాయిలర్ వైపు పనిచేస్తాను. పరిశోధన గురించి చెప్పేంతవాణ్ణి కాదుగానీ, "పోయే సరుకు" అన్నదానికి నాకు తెలిసింది చెబుతాను. మా దగ్గర 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500 ఒకటి, 800 ఒకటి ఉన్నాయి. ఆ 800 మెగావాట్లది 2023లో వచ్చింది. కొత్త బాయిలర్ నిలబెట్టేవాళ్ళు పాతికేళ్ళకి తక్కువ లెక్క వేసుకోరు. సోలార్ ఎంత పెరిగినా, సాయంత్రం పొద్దు వాలాక లోడు మామీదే పడుతుంది.

ఇక కట్టె, గడ్డి సంగతి. 2021లో కేంద్ర విద్యుత్ శాఖ థర్మల్ స్టేషన్లన్నీ బొగ్గులో 5 శాతం బయోమాస్ పెల్లెట్లు, అంటే కట్టె, గడ్డి నొక్కి చేసిన గుళికలు, కలపాలంది. 2023లో దాన్ని సవరించి 2024–25 నుంచి 5, ఆ మరుసటి ఏడాది నుంచి 7 శాతం అని పెట్టారు. 5 శాతమంటే ఎంతో చూడు. 210 మెగావాట్లది ఒక్కో యూనిట్ కరెంటుకి 2,450 కిలోకేలరీలు తింటుందనుకో, బొగ్గు కిలోకి 3,600 కిలోకేలరీలదనుకో. గంటకి 140 టన్నుల పైన, రోజుకి మూడువేల నాలుగొందల టన్నుల చిల్లర. అందులో 5 శాతం 170 టన్నులు. ఎకరానికి టన్ను పత్తికట్టె అనుకున్నా, ఒక్క యూనిట్‌కి రోజుకి 170 ఎకరాల కట్టె కావాలి. ఇది దేశమంతా జరగాల్సిన పని, అర్థమవుతోంది కదా.

బొగ్గు మిల్లు బొగ్గుని పిండి చెయ్యడానికి కట్టింది. కట్టె అందులో నలగదు, పీచుపీచుగా అవుతుంది. పైగా మిల్లులోకి వచ్చే వేడిగాలి బొగ్గుకి సరిపోయేంత వేడిగా ఉంటే, పెల్లెట్ అక్కడే అంటుకోవచ్చు. అందుకని మిల్లు వేడి తగ్గించుకుని నడపాలి. ఇవి మేం ఎలాగోలా సర్దుకోగలం. మాకు అంతుచిక్కనిది ఒకటే, ఏళ్ళ తరబడి కలిపి కాలిస్తే, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ ట్యూబుల మీద ఏం పేరుకుంటుంది, ట్యూబు ఎంతకాలం ఆగుతుంది? అది చెప్పేవాళ్ళు మీ చదువు చదివినవాళ్ళే. నేనైతే చేరమంటాను.

మొగల్రాజపురం, విజయవాడ నుంచి:

అమ్మాయీ, నీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. నేను ఆ పనిలోనే రిటైరయ్యాను. పుట్టింది గుంటూరు పక్కన పొగాకు పండించే ఊళ్ళో. చదువు గుంటూరులో, ఉద్యోగమంతా ధన్‌బాద్ దగ్గర డిగ్వాడీలో. అక్కడి కేంద్రీయ ఇంధన పరిశోధన సంస్థ 1950లో మొదలైంది. 2007లో దాన్ని గనుల పరిశోధన సంస్థతో కలిపేశారు, ఇప్పుడు సింఫర్ అంటున్నారు. నేను చేరేనాటికి అది ఝరియా గనుల మధ్య వేరే లోకంలా ఉండేది. 1916 నుంచీ నేల కింద బొగ్గు కాలుతూనే ఉన్న ప్రాంతం అది. రాత్రిపూట కొన్నిచోట్ల నేల చీలికల్లో ఎర్రగా కనబడేది.

పని ఎలా ఉంటుందని అడిగావు, ముందు అది చెబుతాను. బొగ్గు రసాయనం గాజు గొట్టాలతో మొదలవదమ్మా, పారతో మొదలవుతుంది. వ్యాగన్ల నుంచి దించిన బొగ్గుని కుప్పగా పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ నలగ్గొట్టి, మళ్ళీ కుప్ప పోసి, అలా తగ్గించుకుంటూ వస్తారు. చివరికి 212 మైక్రాన్ల జల్లెడ దాటిన పొడి కొన్ని గ్రాములు నీ చేతికొస్తుంది. రైలు బండెడు బొగ్గు సంగతి ఆ కొన్ని గ్రాములే చెప్పాలి. ఈ మెట్టు దగ్గర బద్ధకిస్తే తరవాత ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా లాభంలేదు. ఆ పొడిలో ఒక గ్రాము తీసుకుని 108 డిగ్రీల దగ్గర ఆరబెడితే తేమ తెలుస్తుంది. ఇంకో గ్రాముని మూతపెట్టిన క్రూసిబుల్లో, అంటే చిన్న మూసలో, 900 డిగ్రీల కొలిమిలో సరిగ్గా ఏడు నిమిషాలుంచితే ఆవిరయ్యే పదార్థం తెలుస్తుంది. మరో గ్రాముని 815 డిగ్రీల దగ్గర పూర్తిగా కాల్చేస్తే బూడిద మిగులుతుంది. ఈ మూడూ నూరులోంచి తీసేస్తే వచ్చేది స్థిర కార్బన్. కొత్తగా చేరినవాళ్ళకి మా సంస్థలో మొదట ఇదే అప్పజెప్పేవారు, నెలల తరబడి. విసుగనిపించేది కాదు నాకు. తాల్చేరు బొగ్గు, సింగరేణి బొగ్గు, ఝరియా కోకింగ్ బొగ్గు క్రూసిబుల్లో అడుగున మిగిల్చే తీరు వేటికవే వేరు. ఝరియాది ఉబ్బి గట్టి ముద్దవుతుంది, సింగరేణిది పొడిగానే ఉండిపోతుంది.

ఆ రోజుల్లో మన దేశంలో బొగ్గుకి ధర ఎలా కట్టేవారో తెలుసా? ఉపయుక్త ఉష్ణవిలువ అని ఒక లెక్క. 8,900 లోంచి, తేమ శాతం బూడిద శాతం కూడి 138 తో గుణించి, తీసెయ్యడమే. బూడిద 35, తేమ 7 ఉందనుకో. 42ని 138 తో గుణిస్తే 5,796. మిగిలింది కిలోకి 3,104 కిలోకేలరీలు. అది ఎఫ్ గ్రేడు. చూశావా, మండేదాన్ని ఎవరూ కొలవలేదు! మండనిదాన్ని కొలిచి మండేదానికి వెల కట్టారు. 2012 జనవరి నుంచి ఆ పద్ధతి పోయి, బాంబ్ కెలోరిమీటర్‌లో నేరుగా కొలిచిన వేడిని బట్టి జీ1 నుంచి జీ17 దాకా గ్రేడులొచ్చాయి. అది రావాల్సిన మార్పే. కానీ పాత లెక్క నాకు ఒక దృష్టినిచ్చింది. ఇంధనం స్వభావం బూడిదలో చదవాలి. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది, నీ పీహెచ్‌డీ కూడా చివరికి అక్కడికే వస్తుంది. అందుకే ఇంత రాస్తున్నాను.

మన బొగ్గు గోండ్వానా బొగ్గు. వరదలు కొట్టుకొచ్చిన చెట్టూచేమా, మట్టీ కలిసి పూడిపోయి పాతిక కోట్ల ఏళ్ళు దాటింది. ఆ మట్టి బొగ్గులో సన్నగా కలిసిపోయి ఉంటుంది, కడిగినా పూర్తిగా వదలదు. 35, 40 శాతం బూడిద మామూలు. ప్రపంచంలో ఎక్కడ మీటింగుకెళ్ళినా మన బొగ్గు మాటెత్తితే పెదవి విరిచేవాళ్ళే. కానీ ఆ బూడిదలో ఉన్నది ఎక్కువగా సిలికా, అల్యూమినా. అది చాలా బొగ్గుల్లో 1,400 డిగ్రీలకి కూడా కరగదు. కరగదు గనక ట్యూబులకి అంటుకోదు, పొడిగా ఎగిరిపోతుంది. గంధకం కూడా తక్కువే.

పంటకట్టె దీనికి తలకిందులు. పత్తికట్టెలో బూడిద చాలా తక్కువ, మంచి పేరున్న బొగ్గుకన్నా కూడా తక్కువ. ఆ కాస్తలోనే పొటాషియం, కాల్షియం నిండా ఉంటాయి, కొంచెం క్లోరిన్. గడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఇంకా ఎక్కువ. మా నాన్న పొగాకు చేలో ఎప్పుడూ మ్యూరియేట్ పొటాష్ వెయ్యనిచ్చేవాడు కాదు. సల్ఫేట్ పొటాషే కొనేవాడు, ధర ఎక్కువైనా సరే. మ్యూరియేట్ అంటే పొటాషియం క్లోరైడ్. క్లోరిన్ ఆకులోకి ఎక్కితే పొగాకు సరిగా కాలదని పొగాకు రైతులందరికీ తెలుసు. అదే మ్యూరియేట్‌ని మనం వరికి వేస్తాం, గడ్డి దాన్ని పీల్చుకుంటుంది. బాయిలర్లో ఏమవుతుందంటే, పొటాషియం క్లోరైడ్ 770 డిగ్రీలకి కరుగుతుంది. కొలిమి వేడికి ఆవిరై పొగతోపాటు పైకి పోయి, సూపర్‌హీటర్ ట్యూబులు కాస్త చల్లగా తగిలేసరికి వాటి మీద గడ్డకడుతుంది. ఆ పొర కింద ఇంకో పని జరుగుతుంది. పొగలోని గంధకం ఆక్సైడ్లు దాన్ని సల్ఫేటుగా మారుస్తాయి, క్లోరిన్ విడుదలవుతుంది. అది లోపలికి దిగి ఇనుముని క్లోరైడు చేస్తుంది, ఆ క్లోరైడు బయటి ఆక్సిజన్ దగ్గరికొచ్చి మళ్ళీ ఆక్సైడై క్లోరిన్‌ని వదిలేస్తుంది. అంటే క్లోరిన్ ఖర్చవదు! అది తిరుగుతూనే ఉంటుంది, ఇనుము పోతూ ఉంటుంది. ఇబ్రహీంపట్నం తమ్ముడు అడిగిన ట్యూబుల ప్రశ్నకి మూలం ఇది.

ఇప్పుడు రెండూ కలిపి చూడు. మన బొగ్గులో చెడ్డపేరు తెచ్చిన ఆ అల్యూమినా, సిలికా మట్టి ఉంది చూశావా, అది వేడి కొలిమిలో పొటాషియం ఆవిరిని పట్టుకుని అల్యూమినోసిలికేటుగా కట్టిపడేస్తుంది. ఆ సిలికేటు అంత సులువుగా కరగదు. క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్‌గా పొగతో వెళ్ళిపోతుంది, ట్యూబు మీద నిలవదు. డెన్మార్క్‌వాళ్ళు 1990లలోనే స్టూడ్‌స్ట్రుప్ కేంద్రంలో గోధుమగడ్డిని బొగ్గుతో కలిపి కాల్చి చూశారు. అక్కడ కాల్చిన బొగ్గులో మట్టి తక్కువ. మన బొగ్గుకి మన గడ్డి కలిపితే ఏ పాళ్ళ దాకా ఈ కాపుదల ఉంటుంది, ఎక్కడ తెగిపోతుంది అన్నది మన కొలిమిలో మనమే తేల్చుకోవాలి. దాన్ని వాళ్ళ పేపర్లలోంచి ఎత్తి రాసుకోవడం కుదరదు. ఈ ప్రశ్న మొదటిసారి నా టేబుల్ మీదకి వచ్చిన రోజున నాకు మళ్ళీ ఉద్యోగంలో కొత్తగా చేరినంత ఉత్సాహం కలిగింది. నిన్ను అదే ప్రశ్న మీదకి పిలుస్తున్నారు.

మీ మావయ్య మాటకి జవాబు ఇంకోవైపు నుంచి చెబుతాను. వాన్ క్రెవెలెన్ అని డచ్ శాస్త్రవేత్త ఉండేవాడు. బొగ్గులన్నిటినీ ఒక బొమ్మ మీద పెట్టాడు. అడ్డంగా ఆక్సిజన్, కార్బన్‌ల నిష్పత్తి, నిలువుగా హైడ్రోజన్, కార్బన్‌ల నిష్పత్తి. సెల్యులోజ్‌లో ఈ రెండూ 0.83, 1.67. అది పై మూలన కుడివైపు కూచుంటుంది. అక్కడినుంచి పీట్, లిగ్నైట్, మామూలు బొగ్గు, ఆంత్రసైట్ వరసగా ఎడమకీ కిందికీ దిగుతూ వస్తాయి. పత్తికట్టె, సింగరేణి బొగ్గు ఒకే దారి మీద ఉన్న రెండు మజిలీలు. గాలి తగలకుండా 250, 280 డిగ్రీల దగ్గర కట్టెని వేపితే, టారిఫాక్షన్ అంటారు, అది ఆ దారిలో కొంతదూరం ఎడమకి జరుగుతుంది. బరువులో 70 శాతం దాకా మిగిలి, వేడిలో 90 శాతం దాకా నిలుస్తుంది. పీచు తెగి మిల్లులో నలుగుతుంది కూడా. అందుకని బొగ్గు చదివినవాళ్ళకి కట్టె కొత్త సబ్జెక్టు కాదు. కట్టె చదివినవాళ్ళకి కార్బన్ కొత్తది కాదు.

రోజలిండ్ ఫ్రాంక్లిన్ పేరు డీఎన్‌ఏతో కలిపి వినే ఉంటావు. ఆవిడ పీహెచ్‌డీ బొగ్గు మీద! 1942లో బ్రిటన్‌లో బొగ్గు వినియోగ పరిశోధన సంఘంలో చేరి, హీలియం ఎక్కడిదాకా దూరుతుంది, నీళ్ళు ఎక్కడ ఆగిపోతాయి అని చూసి బొగ్గులో సన్నని రంధ్రాలు కొలిచింది. 1945లో కేంబ్రిడ్జి డాక్టరేట్ ఇచ్చింది. తరవాత పారిస్ వెళ్ళి, వేడిచేస్తే గ్రాఫైట్ అయ్యే కార్బన్‌లు వేరు, ఎంత వేడిచేసినా అవనివి వేరు అని ఎక్స్‌రేలతో తేల్చి 1951లో ప్రచురించింది. ఆ రెండో రకాన్నే ఇవాళ హార్డ్ కార్బన్ అంటున్నారు. సోడియం అయాన్ బ్యాటరీలో ఆనోడ్ అదే. దాన్ని కొబ్బరిచిప్పల్లాంటి వాటినుంచి చేస్తున్నారు. సోలార్ కరెంటు రాత్రికి దాచుకోవడానికి కావలసిన సరుకు బొగ్గు చదివినావిడ పరిశోధనలో ఉంది. మీ మావయ్యకి ఈ సంగతి చెప్పు.

నీ మనసులో ఉన్న చివరి ప్రశ్న నాకు బాగా నచ్చింది. నేను బొగ్గుని మంచిదని చెప్పను. బూడిద చెరువుల పక్క ఊళ్ళు చూశాను, ఝరియాలో ఇళ్ళు కుంగిపోవడం చూశాను. 5 శాతం కట్టె కలపడంతో వాతావరణం బాగుపడిపోదు. కానీ కాలుస్తున్నంతకాలం, అది ఎలా కాలుతోందో తెలిసినవాళ్ళు దగ్గరుండాలి. చేలో తగలబెట్టిన పత్తికట్టె పొగ ఊరి మీద పడుతుంది. చేలో నిలవుంచితే గులాబీరంగు పురుగు అందులో దాక్కుని మరుసటి పంటకి వస్తుంది. అందుకే కట్టె పీకెయ్యమని వ్యవసాయశాఖ చెబుతుంది. పీకినదానికి ఒక ధర, ఒక చోటు దొరకాలి. ఇది నీ ఊరి సమస్య కూడా.

అమ్మ బెంగ గురించి. మా రోజుల్లో 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్ళని భూమి కింద పనిలో పెట్టుకోకూడదు. బొగ్గు పొర నిలువునా కోసి తీసే శాంపిల్ మగవాళ్ళు కిందికెళ్ళి తెచ్చేవారు, నేను పైన నిలబడి అందుకునేదాన్ని. ఏళ్ళ తరబడి ఎవరో చెప్పిన గనిని ఊహించుకుని రిపోర్టులు రాశాను. అది నాకు ఇప్పటికీ వెలితే. 2019లో ఆ నిబంధన సడలించారు, సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లో ఆడవాళ్ళు కిందికి వెళ్ళొచ్చు. హాస్టలు, క్వార్టర్లు, ధన్‌బాద్ నుంచి రైళ్ళు, ఏది కావాలన్నా అడుగు. అమ్మతో మాట్లాడమన్నా మాట్లాడతాను.

తెనాలి దగ్గర నుంచి:

మేడమ్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మాది రైస్‌మిల్లు, ఉప్పుడు బియ్యం చేస్తాం, బాయిలర్ ఊకతో నడుస్తుంది. ఊకతో నాకు ఇబ్బంది లేదు. బూడిద చాలా వస్తుంది, నల్లగా తేలిగ్గా ఉంటుంది, ఇటుక బట్టీలవాళ్ళు తీసుకెళతారు. సీజను ఆఖర్లో ఊక తక్కువైనప్పుడు వరిగడ్డి కట్టలు కోయించి కలిపితే మాత్రం గ్రేటు (ఇంధనం కాలే ఇనుప చట్రం) మీద క్లింకర్లు పడిపోతాయి. గాజు కరిగినట్టు ముద్దలు. బాయిలర్ ఆపి, చల్లారాక గడ్డపారతో పొడిచి తియ్యాలి. ఊకా, గడ్డీ ఒకే మొక్కవి కదండీ. ఇంత తేడా ఎందుకొస్తుంది?

ఇంకోటి. తుపానుకి తడిసి నల్లబడ్డ గడ్డి ఓసారి చవగ్గా వచ్చింది. ఆరబెట్టి వాడితే క్లింకరు అంతగా పడలేదు. ఏదో గాలివాటంగా అయిందనుకున్నాం.

మొగల్రాజపురం నుంచి:

గాలివాటం కాదండీ, మీరు చూసింది సరిగ్గా జరగాల్సిందే. ఊకలో అయిదో వంతు బూడిద, ఆ బూడిదలో తొంభై శాతం పైన సిలికా. ఒక్క సిలికా అయితే మీ గ్రేటు వేడికి కరగదు. గడ్డి బూడిదలోనూ సిలికాయే ఎక్కువ, కానీ దానితో పొటాష్ ఉంటుంది, పదోవంతు పైన ఉండడం మామూలే. సిలికా ఒంటరిగా కరగాలంటే 1,700 డిగ్రీలు కావాలి. పొటాష్ తోడైతే 800 లోపే ద్రవమవుతుంది. గాజు కరిగినట్టు అన్నారు, అది నిజంగా గాజే. మొక్క పొటాషియంని కాండంలో, ఆకుల్లో నీటిలో కరిగే రూపంలో ఉంచుకుంటుంది, గింజ పైపొట్టులోకి సిలికాని పంపుతుంది. ఒకే మొక్క రెండు రకాల బూడిద ఇస్తుంది.

తడిసిన గడ్డి సంగతీ అదే. నీళ్ళలో కరిగే పొటాషియం, క్లోరిన్ వానకి కడుక్కుపోతాయి. డెన్మార్క్‌లో వానకి తడిసి బూడిదరంగు తిరిగిన గడ్డిని, తడవని పసుపురంగు గడ్డిని వేరువేరుగా చూస్తారు. తడిసిందే బాయిలర్‌కి నయమంటారు. రైతు తుపాను గడ్డిని పశువులకి పనికిరాదని పారేస్తాడు, బాయిలర్‌కి పనికొచ్చేది అదే. బాగా ఆరాలి, బూజు దుమ్ము పనివాళ్ళు పీల్చకుండా చూసుకోవాలి, అంతే. ఊకలో గడ్డి ఎంత కలిపితే క్లింకరు మొదలవుతోందో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ఈ అమ్మాయికి పనికొస్తుంది.

కొరిటెపాడు నుంచి:

అందరికీ చాలా థాంక్స్ అండీ. మేడమ్, మీ జవాబు నాన్నకి చదివి వినిపించాను. పొగాకుకి మ్యూరియేట్ వెయ్యరన్న చోట ఆపి, "అది నిజమే, మిర్చిలో కూడా సల్ఫేటే మంచిదంటారు" అన్నాడు. ఆ తరవాత చాలాసేపు బూడిద గురించే మాట్లాడుకున్నాం. మావయ్యకి హార్డ్ కార్బన్ సంగతి పంపాను, ఇంకా జవాబు రాలేదు. దాదాపు చేరదామనే ఉంది. రెండు అడగాలి. సీటు ఒప్పుకునేముందు గైడ్‌ని ఏమడగాలి? చేరడానికి ఇంకా టైముంది, ఈలోపు ఇక్కడ ఏమైనా చెయ్యగలనా?

మొగల్రాజపురం నుంచి:

గైడ్‌ని మొదట అడగాల్సింది బూడిదని ఎన్ని డిగ్రీల దగ్గర తయారుచేస్తారని. ఇది చిన్న ప్రశ్నలా కనబడుతుంది కానీ ల్యాబు ఎలాంటిదో దీనితో తెలిసిపోతుంది. బొగ్గుకి 815 డిగ్రీలు ప్రమాణం. అదే వేడిలో గడ్డిని కాలిస్తే పొటాషియం క్లోరైడ్ కొంత ఆవిరైపోతుంది, కార్బొనేట్లు విడిపోతాయి. నువ్వు వెతికేదే క్రూసిబుల్లోంచి ఎగిరిపోతుంది! అందుకే బయోమాస్‌కి 550 డిగ్రీలు ప్రమాణం పెట్టారు. రెండింటికీ ఒకే కొలిమి, ఒకే వేడి వాడి పట్టికలు నింపే చోట చేరకు. తరవాత, బూడిద కరిగే వేడి కొలిచే కొలిమి ఉందా, బూడిదలో ఏ మూలకం ఎంతుందో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఉందా, వేడెక్కేకొద్దీ బరువు ఎలా మారుతుందో చూపే థర్మోగ్రావిమెట్రీ యంత్రం మీద వారంలో నీకు ఎంత టైము దొరుకుతుంది, ఏదైనా థర్మల్ స్టేషన్‌తోనో సిమెంటు ఫ్యాక్టరీతోనో పని ఒప్పందం ఉందా అని అడుగు. సిమెంటు మాట ఎందుకన్నానంటే, జగ్గయ్యపేట, దాచేపల్లి వైపు ఫ్యాక్టరీలకి కూడా ఇదే బాధ. ఇంధనంతో వచ్చే క్లోరిన్, పొటాషియం ముడిపొడిని ముందుగా వేడిచేసే ప్రీహీటర్లో తిరుగుతూ గోడలకి అట్టలు కడతాయి. చదువయ్యాక ఇంటికి దగ్గరగా ఉద్యోగం కావాలనిపిస్తే ఆ తలుపు తెరిచే ఉంటుంది. పెల్లెట్లు చేసేవాళ్ళకీ, బొగ్గు గ్రేడు తేల్చే ల్యాబులకీ మనుషులు కావాలి.

పెల్లెట్ గట్టిదనం, కెలోరిమీటర్ వేడి, ఈ రెంటితోనే థీసిస్ సరిపెట్టేద్దామంటే మాత్రం ఒప్పుకోకు. అలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఇక్కడ చెయ్యగలిగిన పని ఉంది. గడ్డి సన్నగా తరిగి, కొంత డిస్టిల్డ్ వాటర్‌లో ఒక పూట నానబెట్టి వడగట్టు. ఆ నీళ్ళలో కాస్త నైట్రిక్ ఆమ్లం, సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లగా విరుగుతుంది, అది క్లోరైడు. పొటాషియంకి మీ యూనివర్సిటీలో ఫ్లేమ్ ఫొటోమీటర్ ఉంటే అడిగి చూడు. కడిగిన గడ్డిని, కడగని గడ్డిని విడివిడిగా 550 దగ్గర కాల్చి బూడిద రంగు, బరువు రాసుకో. తెనాలి ఆయన బాయిలర్లో చూసింది నీ చేతుల్లో చూస్తావు. పత్తికట్టె, మిరపకట్టె కోసం లాం ఫారం, గుంటూరు పక్కనున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం, వెళ్ళి అడుగు. అక్కడ ఏ మడికి ఏ ఎరువు ఎంత వేశారో లెక్క రాసి ఉంటుంది, రైతు చేలో అది దొరకడం కష్టం.

కట్టె తెచ్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకో. వేరుతో పీకిన పత్తికట్టెకి నల్లమట్టి అంటుకుని వస్తుంది. ఆ మట్టితో నీ బూడిదలో సిలికా, అల్యూమినా ఎక్కువ చూపిస్తాయి, కట్టె ఉన్నదానికన్నా మంచిదనిపిస్తుంది. వేరు ఉన్నది ఒక సంచి, నేలమట్టానికి కోసింది ఒక సంచి విడిగా తీసుకురా. ప్రతి సంచి మీద రకం పేరు, వేసిన పొటాష్ ఏది, కోసిన తేదీ, కోశాక వాన పడిందా లేదా రాయి. ఈ నాలుగూ రాయని సంచి మా ల్యాబుకొస్తే నేను విప్పేదాన్ని కాదు.